ఈత లేని పోటీ

డ్రైవరమ్మ సైకిలు ఎక్కిందంటే ఇల్లంతా లేవాల్సిందే. ఆ సైకిలు బాల్కనీలో ఇనప స్టాండుకు బిగించి ఉంటుంది. వెనక చక్రం రోలరు మీద గుర్రుమంటూ తిరుగుతుంది, ఎక్కిన మనిషికి చెమటలు ధారలు కడతాయి, బండి మాత్రం అంగుళం కదలదు.

"ఎక్కడికీ పోని బండిని ఎందుకే అంతలా తొక్కుతావు? గానుగెద్దు నయం, నూనైనా వస్తుంది," అనేది అత్తగారు, దుప్పటి మడత పెడుతూ.

"నూనె నా ఒంట్లోంచే కారుతోంది కదత్తయ్యా," అనేది కోడలు వగరుస్తూ.

ఆమె స్కూలు బస్సు నడుపుతుంది. బస్సెక్కే పిల్లలు డ్రైవరమ్మా అని పిలవడం మొదలుపెడితే వాళ్ల తల్లులు అందుకున్నారు, తల్లుల నుంచి వీధి అందుకుంది, చివరికి కట్టుకున్నవాడు కూడా ఆ పేరే ఖాయం చేశాడు. ఆయనది వీధి చివర సెలూను. చేతిలో కత్తెర ఎంత చురుకో, నోట్లో నాలుకా అంతే. "మా ఇంట్లో స్టీరింగు ఎవరి చేతిలో ఉందో అడక్కండి, నేను టికెట్టు తీసుకుని ఎక్కినవాణ్ని," అని కుర్చీలో కూర్చున్న వాళ్లకు చెబుతుంటాడు. వాళ్లకొక్కతే కూతురు. పన్నెండేళ్లది. ఇంట్లో దాని పేరు పిడుగు. అలా ఎందుకు పెట్టారని కొత్తవాళ్లు అడుగుతారు గానీ, కాసేపు కూర్చుంటే ఇక అడగరు.

ఈ పోటీల పిచ్చి ఆమెకు ఊరికే పట్టలేదు. పొద్దున పిల్లల్ని బడిలో దింపాక, సాయంత్రం మళ్లీ ఎక్కించుకునేదాకా డ్రైవర్లకు బోలెడంత ఖాళీ. మిగతావాళ్లు సీట్లు వాల్చి కునుకు తీసేవారు, లేకపోతే పేకాట. బస్సులు ఆపే స్థలం గోడ పక్కనే మునిసిపాలిటీ వాళ్ల ఈత కొలను. గోడ అవతల నుంచి నీళ్ల చప్పుడు వినీ వినీ, ఒకరోజు టికెట్టు కొనుక్కుని లోపలికి వెళ్లింది. అప్పటికి ఆమెకు నలభై దగ్గర పడుతున్నాయి. తుమ్మెద తామరని పట్టుకున్నట్టు నీళ్లను పట్టుకుంది. ఏడాది తిరిగేసరికి కొలను కాపలాదారు తన దగ్గర నేర్చుకోవడానికి వచ్చిన వాళ్లకు, "అదిగో, ఆ బస్సావిడ చెయ్యి ఎలా వేస్తుందో చూడండి," అని చూపించేవాడు.

ఈత తర్వాత సైకిలు, సైకిలు తర్వాత పరుగు. మూడూ కలిపి ఒకేరోజు ఒకదాని వెనక ఒకటి చేసే పోటీ ఒకటుందని తెలిసింది. ముందు చెరువులో ఒకటిన్నర కిలోమీటరు ఈత, గట్టెక్కి తడిబట్టలతోనే నలభై కిలోమీటర్లు సైకిలు, దిగి పది కిలోమీటర్లు పరుగు. ఈత ఆమెకు సొంత బిడ్డ. సైకిలు పెంచుకున్న బిడ్డ. పరుగు మాత్రం సవతి బిడ్డ. ఎంత బుజ్జగించినా దగ్గరికి వచ్చేది కాదు.

పోయిన ఏడాది మొదటిసారి పోటీకి వెళ్లినప్పుడు జరిగిందదే. ఈతలో ముందు గుంపుతో గట్టెక్కింది. సైకిలు మీద గుంపు మధ్యకు జారింది. పరుగులో కాళ్లు సీసపు గుండ్లయిపోయాయి. సగం దారిలో, వెనక్కి తిరగాల్సిన మలుపు దగ్గర పసుపు కోటు వేసుకున్న ఒకాయన చెయ్యి అడ్డం పెట్టాడు. "గడువు అయిపోయిందమ్మా. బండెక్కండి," అన్నాడు మర్యాదగానే. ఆమె ఏడవలేదు. వెనక్కి తెచ్చిన వ్యానులో కూర్చుని ఎవరో ఇచ్చిన బిస్కెట్ల పొట్లం మొత్తం ఖాళీ చేసి, ఇంటికొచ్చి, "వచ్చే ఏడు చూసుకుంటా," అంది. చెప్పిన తీరు చూసి మొగుడు ఎదురు మాట్లాడలేదు. ఆమె ఏదైనా అలా మామూలుగా చెప్పిందంటే అది అయిపోయిన పనే అని ఆయనకు తెలుసు.

లెక్క కూడా సిద్ధంగా ఉంది. ఈతలో ఇంకా ముందుకు వెళ్లాలి. అక్కడ మిగిల్చిన సమయాన్ని పరుగులో ఖర్చు పెట్టుకోవాలి. అందుకే మధ్యాహ్నం ఖాళీ అంతా కొలనులోనే గడిపేది.

ఆ లెక్కను అత్తగారి మోకాలు తారుమారు చేసింది.

పోటీకి ఇంకా రెండు నెలలుందనగా, అటక మీద దుమ్ము దులపడానికి స్టూలెక్కి పడిందామె. ఎముక విరగలేదు గానీ మోకాలు బిగుసుకుపోయింది. వాపు తగ్గినా కాలు వంగలేదు. వ్యాయామం చేయించే డాక్టరమ్మ వంచి చూసి, సాగదీసి చూసి, "నేల మీద కంటే నీళ్లలో నడిస్తే త్వరగా దారికొస్తుంది. వారానికి నాలుగు రోజులైనా నడవాలి," అంది.

"ఈ వయసులో నన్ను తీసుకెళ్లి నీళ్లలో ముంచుతారా? చచ్చినా రాను," అని అత్తగారు గోడ వైపు తిరిగి పడుకుంది.

ఆ సాయంత్రం గిన్నెలు కడుగుతున్న డ్రైవరమ్మ పక్కకు వచ్చి నిలబడ్డాడు మొగుడు. "అమ్మని తీసుకెళ్లడానికి ఎవరినైనా మాట్లాడదామా? నీకు కుదిరేది ఆ ఒక్క పూట. అది కూడా పోతే..."

ఆమె చేతిలోని గిన్నెను ఇంకా గట్టిగా రుద్దింది. ఒళ్లు మండిన మాట నిజం. ఏడాదిగా ఇటుక మీద ఇటుక పేర్చుకున్న గోడని ఎవరో వచ్చి మోకాలితో పొడిచినట్టుంది. కానీ ఆ ఉదయమే ఆమె ఒకటి చూసింది. ఎవరూ చూడటం లేదనుకుని అత్తగారు మెట్ల మీద కూర్చుని, చేతులు వెనక్కి ఆనించి, పసిపిల్లలా ఒక్కో మెట్టూ జరుగుతూ కిందికి దిగుతోంది. నోరు విప్పితే నలుగురిని నిలబెట్టే మనిషి, చప్పుడు కాకుండా దిగుతోంది.

"ఎవరూ వద్దు. నేను రోజూ పోయే చోటే కదా," అంది గిన్నె బోర్లిస్తూ.

అత్తగారిని ఒప్పించింది మాత్రం పిడుగే. "నానమ్మా, నీకు భయమా?" అని అడిగింది. అంతే.

బట్టలు మార్చుకునే గదిలో, ఒళ్లంతా కప్పే ఈత దుస్తుల్లో అద్దం ముందు నిలబడి అత్తగారు తనను తాను ఎగాదిగా చూసుకుంది. "గుమ్మడికాయకి దిండు గలేబు తొడిగినట్టున్నాను," అంది. డ్రైవరమ్మకి నవ్వాగలేదు. అత్తగారికీ ఆగలేదు. ఇద్దరూ నవ్వుకుంటూనే కొలను దగ్గరికి వచ్చారు. మొదటి మెట్టు మీద నీళ్లు తగలగానే పెద్దావిడ నవ్వు ఎగిరిపోయింది.

"వదిలావంటే చంపేస్తాను."

"వదలను."

"నిజంగా చంపేస్తాను."

"వదలను అత్తయ్యా. నా మొహం చూస్తూ నడవండి. నీళ్లకేసి చూడకండి."

కోడలు వెనక్కి అడుగులు వేస్తుంటే అత్త ఆమె మోచేతులు పట్టుకుని ముందుకు అడుగులు వేసింది. ఇన్నేళ్ల కాపురంలో ఆ చేతులు వడ్డించాయి, సర్దాయి, తప్పులున్న చోటల్లా వేలు చూపించాయి. ఇంత గట్టిగా పట్టుకున్నది మాత్రం ఇదే మొదలు. గోళ్లు దిగిన చోట తర్వాత ఎర్రటి చంద్రవంకలు పడ్డాయి. పడితే పడ్డాయిలే అనుకుంది డ్రైవరమ్మ.

నడక అయ్యాక అత్తగారు తువ్వాలు కప్పుకుని బెంచీ మీద కూర్చుంది. మిగిలిన కాసేపట్లో కోడలు చివరి వరసలోకి దూకి ఈత మొదలుపెట్టింది. ఆ కొస నుంచి ఈ కొసకి, ఈ కొస నుంచి ఆ కొసకి. బయటికి రాగానే అత్తగారు అడిగిన మొదటి ప్రశ్న, "ఊపిరి ఎక్కడ పీలుస్తున్నావే?"

"చెయ్యి లేచినప్పుడు, పక్కకి తిరిగి."

"నాకు కనబడలేదే."

"బాగా ఈదితే కనబడదు అత్తయ్యా."

రాత్రి భోజనాల దగ్గర పెద్దావిడ కొడుకుతో అంది, "నీ పెళ్లాం నీళ్లలో వేరే మనిషిరా. ఇంట్లో ఎప్పుడు చూసినా కాలు కాలిన పిల్లిలా తిరుగుతుంది కదా, అక్కడ అసలు తొందరే లేదు. నిమ్మకు నీరెత్తినట్టు ఉంది."

ఈత సగానికి పడిపోయింది. పోయిన సగాన్ని ఎక్కడో ఒకచోట పూడ్చాలి కదా. మిగిలింది తెల్లవారుజాము, ఆ వేళ చేయగలిగింది పరుగు. సవతి బిడ్డతోనే సంసారం తప్పలేదు.

ఆ వేళకి వీధులు వేరేగా ఉండేవి. పాల వ్యాను, రొట్టెల వ్యాను, ఊడ్చేవాళ్ల చీపుళ్ల చప్పుడు, బండి ఒక్కటీ లేకపోయినా తన మానాన ఎరుపూ పచ్చా మారుతుండే సిగ్నలు దీపం. మొదటి వారం ఆమెకు పిక్కలు పట్టేశాయి. రెండో వారం ఒక కుక్క తరిమింది. ఆ రోజే జీవితంలో అన్నిటికంటే వేగంగా పరిగెత్తింది. మూడో వారంలో ఒక సంగతి తట్టింది. ఇన్నాళ్లూ తాను పరిగెత్తుతున్నది కొత్తగా లైసెన్సు తీసుకున్నవాడు బండి నడిపినట్టు. ఉన్నట్టుండి వేగం, ఉన్నట్టుండి బ్రేకు. బస్సులో పిల్లలు నిలబడి ఉన్నప్పుడు తను అలా నడుపుతుందా? నడపదు. ముందు సిగ్నలు దూరం నుంచే చూసుకుంటుంది, కుదుపు లేకుండా పోనిస్తుంది. అలా పరిగెత్తి చూసింది. వగర్పు తగ్గింది. పార్కు చుట్టూ ఇంకో చుట్టు తిరగబుద్ధేసింది. ఆ మాట ఇంట్లో చెప్పలేదు, తన దిష్టే తనకు తగులుతుందేమోనని అనుమానం.

పొద్దున్నే ఆమె లేని లోటును మొగుడు తీర్చాడు. గుడ్లు ఉడకబెట్టడం, డబ్బా సర్దడం సరే, పిడుగుకి జడ వెయ్యడం ఆయన చేతికొచ్చాక పని వేరే స్థాయికి వెళ్లింది. పదిహేనేళ్లుగా జనాల తలలతో బతుకుతున్న మనిషి. నాలుగు పాయల జడ, చేప ముల్లు జడ, కిరీటంలా చుట్టే జడ. బడిలో ఆడపిల్లలు వరస కట్టి అడిగారట. "అమ్మా, నువ్వు పోటీ అయిపోయాక కూడా పరిగెత్తు," అంది పిడుగు.

ఇలా అంతా గాడిలో పడుతుండగా ఒకరోజు కింది ఇంటి ఫిడేలు మాస్టారు తలుపు తట్టాడు. డ్రైవరమ్మ అప్పుడు బాల్కనీలో సైకిలు మీదే ఉంది. దిగబోతుంటే అత్తగారు చెయ్యెత్తి ఆపి, కర్ర పట్టుకుని తనే గుమ్మం దాకా నడిచింది.

"అమ్మగారూ, ఏమీ అనుకోకండి. పొద్దున్నే ఆ గుర్రు గుర్రు చప్పుడు..."

"మా కోడలు పోటీకి తయారవుతోంది మాస్టారూ."

"మంచిదే. కానీ నిద్ర..."

"సాయంత్రం మీ దగ్గరికొచ్చే పిల్లలు ఫిడేలు వాయిస్తారు చూడండి, పిల్లి తోక తలుపులో పడ్డట్టు. మేం ఎప్పుడైనా కిందికి దిగి వచ్చామా? నేర్చుకుంటున్నార్లే, చేతులు తిరగాలి కదా అని చెవులు మూసుకున్నాం. దీనికి కాళ్లు తిరగాలి. మీరూ ఓ చెవి మూసుకోండి."

మాస్టారుకే నవ్వొచ్చింది. "పోటీ ఎప్పుడండీ?" అని అడిగి, తేదీ తెలుసుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి స్టాండు కింద పాత పరుపు ముక్క ఒకటి వేశారు. అది వేయించింది కూడా అత్తగారే. గెలిచిన చోట కొంచెం తగ్గితే పోయేదేమీ లేదంది.

రెక్కలు తొడిగిన మనసుతో, అంతకంటే గట్టి పిక్కలతో డ్రైవరమ్మ పోటీ రోజుకు సిద్ధమైంది. ఇంటిల్లిపాదీ తెల్లారకముందే చెరువు దగ్గరికి చేరారు. కారు దిగగానే తలుపు చేతిలోంచి ఎగిరిపోయింది. గాలి! జెండాలు కర్రల్ని విరిచేసేలా కొట్టుకుంటున్నాయి. చెరువు నీళ్లు నిన్నటిదాకా అద్దంలా ఉండేవట, ఇప్పుడు తెల్లటి నురగలతో లేస్తున్నాయి. ఈదేవాళ్లకు హద్దు చూపించే నారింజ రంగు బుడగలు తాళ్లు తెంపుకుని ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. కాపలా పడవలు ఒకచోట నిలవలేక గిరగిరా తిరుగుతున్నాయి.

కాసేపటికి మైకులో చెప్పారు. ఈత రద్దు. దాని బదులు ముందు ఒక చిన్న పరుగు, తర్వాత సైకిలు, ఆ తర్వాత మామూలుగా ఉండే పెద్ద పరుగు.

ఈత సరిగా రానివాళ్లు కొందరు చప్పట్లు కొట్టారు. డ్రైవరమ్మ నెత్తిన రబ్బరు టోపీతో, చేతిలో ఈత కళ్లద్దాలతో అలాగే నిలబడిపోయింది. గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఇదే. తన బలమంతా నీళ్లలో ఉంది, ఆ నీళ్లే లేవు. పైగా ఒక పరుగు చాలదన్నట్టు రెండు. మొగుడు ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

ఆమె చెరువు వంక చూసింది. ఒక్కసారి గట్టిగా ఊపిరి తీసుకుంది. టోపీ పీకి మొగుడి చేతిలో పెట్టింది.

"నా బూట్లు ఇటివ్వండి."

"ఏం చేద్దామని?"

"ఏముంది, పరిగెడతా. నీళ్లు పోయాయి గానీ నేల ఎక్కడికీ పోలేదుగా."

అత్తగారు అప్పుడందుకుంది. "చూశావా, నా మోకాలికి అంతా ముందే తెలుసు. నేను స్టూలు మీంచి పడకపోతే నువ్వు ఆ కొలనులోనే నానుతూ కూర్చునేదానివి. ఈ పొద్దున ఏం పనికొచ్చేది?"

డ్రైవరమ్మ బూటు తాడు కడుతూ కడుతూ ఆగి తలెత్తి చూసింది. సరదాకే అన్నా అందులో నిజముంది. ఈ రెండు నెలలూ తను పరిగెత్తింది, ఏడాది మొత్తం పరిగెత్తిన దానికంటే ఎక్కువ. ఆ సంగతి ఒంటికి తెలుసు, బుర్రకే ఇంకా చేరలేదు. లేచి నిలబడి ఒకసారి గెంతి చూసుకుంది. కాళ్లు తేలిగ్గా ఉన్నాయి.

మొదటి చిన్న పరుగులో అందరూ ఎగబడ్డారు. ఆమె తన బస్సు నడకతో పోయింది, కుదుపు లేకుండా. సైకిలు మీద పోయేటప్పుడు గాలి ఎదురుగా వచ్చి గుండెల మీద చేతులు పెట్టి నెట్టింది. తల వంచి తొక్కింది. బాల్కనీలో ఎక్కడికీ పోని బండి తొక్కిన మనిషికి, ఎంత నెమ్మదైనా ముందుకు పోయే బండి వరమే. ఒకచోట ఎత్తు ఎక్కుతూ గేరు మారుస్తుంటే చైను ఊడింది. దిగింది, ఎక్కించింది, నల్లటి వేళ్లు తొడకు తుడుచుకుని మళ్లీ ఎక్కింది. తిరుగు దారిలో అదే గాలి వీపు మీద చెయ్యి వేసి తోసింది. ఆ పల్లంలో ఆమె ఎవరూ వినరు కదా అని గట్టిగా కేక కూడా వేసింది.

ఇక పెద్ద పరుగు. ఎండ ఎక్కింది. సగం దారిలో మలుపు, మలుపు దగ్గర అదే పసుపు కోటు, అందులో అదే మనిషి.

"ఈసారి చెయ్యి దించండి!" అని దూరం నుంచే అరిచింది.

ఆయన కాసేపు గుర్తుపట్టలేదు. గుర్తుకు రాగానే రెండు చేతులూ వెనక్కి కట్టుకుని పక్కకు తప్పుకున్నాడు. "బోలెడు టైముందమ్మా, పొండి పొండి!" అన్నాడు. మలుపు తిరిగింది. పోయిన ఏడాది వ్యానులో కూర్చుని చూసిన దారిలో ఇప్పుడు తన కాళ్ల మీద పోతోంది. దారి పక్కన పసుపు పూల పొదలున్నాయని అప్పుడు గమనించనేలేదు.

చివరికి చేరువవుతుండగా ఎడమ పిక్క పట్టేసింది. రాయిలా బిగుసుకుంది. కుంటుతూ నడవసాగింది. ఒకరు దాటిపోయారు, ఇంకొకరు దాటిపోయారు. చూసేవాళ్లు దారిలోకి రాకుండా కట్టిన తాడుకు అవతల నుంచి పిడుగు పరిగెత్తుకుంటూ వచ్చింది.

"అమ్మా, నడుస్తున్నావు."

"తెలుసే."

"కాలా?"

"పిక్క."

"నానమ్మ మోకాలు వంగనప్పుడు నువ్వేమన్నావు? మొహం చూస్తూ నడవండి, కిందికి చూడకండి అన్నావట. నా మొహం చూడు."

చూసింది. చెమటతో, దుమ్ముతో, కిరీటం జడలోంచి పాయలు ఊడిపోయి, కోపంగా ఉన్నట్టు కనిపిస్తున్న ఆ మొహం. పిక్క నొప్పి ఎక్కడికీ పోలేదు గానీ, నడక జోరందుకుంది, జోరు మెల్లగా పరుగైంది. పిడుగు తాడు ఉన్నంత మేరా పక్కనే పరిగెత్తింది.

గీత దాటేసరికి గడువుకు ఇంకా చాలా సమయం మిగిలి ఉంది. మెడలో పతకం వేశారు. గొప్పగా ఏదో అనిపిస్తుందనుకుంది. ముందుగా అనిపించింది ఆకలి. మొగుడు ఒలిచిన అరటిపండుతో ఎదురొచ్చాడు. ఆయన కళ్లలో నీళ్లు చూసి, "గాలికి దుమ్ము పడిందా?" అంది. "ఆఁ, దుమ్మే," అన్నాడు ఆయన. రెండో అరటిపండు తింటుండగా తెలిసింది, తను నవ్వుతోందనీ, ఎంతసేపటి నుంచో నవ్వు ఆపలేదనీ.

అత్తగారు పతకాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసింది. "ఇత్తడా?" అని అడిగి, జవాబు వినకుండానే తన పైట కొంగుతో దాని మీది చెమట తుడిచింది.

అందరూ ఇంటికి బయలుదేరదామన్నా డ్రైవరమ్మ కదల్లేదు. తాడు పక్కన నిలబడి, తన తర్వాత వస్తున్న వాళ్లకు చివరి మనిషి దాకా చప్పట్లు కొట్టింది.

సోమవారం పొద్దున బస్సు మెట్టెక్కడానికి ఆమె తొడని రెండు చేతులతో పట్టుకుని ఎత్తాల్సి వచ్చింది. పిల్లలు ఊరుకుంటారా? "ఫస్టొచ్చారా డ్రైవరమ్మా?" అని ఒకటే గోల. "లేదురా, నూట పధ్నాలుగు," అంది. "అంతేనా?" అన్నాడు ముందు సీటువాడు. "అంతే. కూర్చో, బెల్టు పెట్టుకో," అని బండి తీసింది.

మధ్యాహ్నం అత్తాకోడళ్లు ఎప్పటిలాగే కొలనుకు వెళ్లారు. నీళ్లలోకి దిగాక అత్తగారు కోడలి చేతులు పట్టుకోలేదు. అంచున ఉన్న కడ్డీ మీద ఒక చెయ్యి వేసి, "నువ్వు పోయి ఈదుకో. నాకు అడ్డం రాకు," అంది. మోకాలు ఇప్పుడు దాదాపు పూర్తిగా వంగుతోంది. డ్రైవరమ్మ చివరి వరసలోకి వెళ్లింది. గడియారం వంక చూడలేదు, చుట్లు లెక్కపెట్టలేదు. ఒళ్లు అలిసి తియ్యగా నొప్పెడుతుంటే, సాయంత్రం బడి గంటకు ఇంకా ఎంతో టైముందిలే అనుకుంటూ ఈదింది.